పన్ను పుస్తకంలో మా మేడలు

గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్ళ గురించి ఎవరు రాసినా ఏడుపే రాస్తారు. పెట్టెలో వచ్చిన శవం, ఏజెంటు చేసిన మోసం, ఎండకు పడిపోయిన మనిషి. అవన్నీ నిజమే, కాదనను. కొన్ని పెట్టెలకు నేనే భుజం పట్టాను. కానీ ముప్పై ఏళ్ళలో మేం ఒక్కరోజు కూడా గెలవలేదా? ఆ మాట ఎవరూ అడగరేం? అడగరు కాబట్టే నేను పెన్ను పట్టాను. వీసా చేతికొచ్చి బ్యాగు సర్దుకుంటున్న పిల్లలారా, ఇది మీకోసం. మీ పెద్దవాళ్ళు దుబాయ్‌లోని సోనాపూర్ లేబర్ క్యాంపులో ఒక శుక్రవారం పూట ఏం చేశారో తెలుసుకుని విమానం ఎక్కండి.

నేను షటరింగ్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. స్లాబ్ పోసే ముందు కింద జాకీలు నిలబెట్టి, చెక్కలు పరిచి, అచ్చు కట్టే పని. రెండో తరగతి సగంలో బడి మాని బర్రెల వెంట పోయినవాణ్ణి. దుబాయ్‌లో ముందు డ్రాయింగు చదవడం నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ఇంజనీరు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంటే తిప్పి ఇచ్చేంత పని వచ్చింది నాకు. అది కొందరు ఇంజనీర్లకు నచ్చలేదు. నచ్చకపోతే నేనేం చేయను? ఇంకో సంగతి, నాకు మరుపు రాదు. ఒకసారి విన్న కొలత తలలోంచి పోదు. మా ఆవిడ దీన్ని గుణం అనదు, రోగం అంటుంది.

ఆ రోగం క్యాంపులో చాలామందికి పనికొచ్చింది. మా ఊరివాడెవడు ఊళ్ళో ఇల్లు మొదలుపెట్టినా ప్లాన్ కాగితం ఫొటో పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చేవాడు. స్లాబ్ ఎంతవుతుంది, ఇనుము ఎంత పడుతుంది, మేస్త్రీ చెప్పేది నిజమేనా అని. టీ తాగి ముగించేలోపు చెప్పేసేవాణ్ణి. అలా మా ఊళ్ళో దుబాయ్ కష్టంతో లేచిన ప్రతి ఇంటి కప్పూ పొడవూ వెడల్పులతో సహా నా తలలో ఉండిపోయింది.

కరోనా వచ్చిన రెండో ఏడు అది. నా గదిలో పై మంచం మీద మా ఊరి పిల్లవాడే ఒకడు ఉండేవాడు. పిల్లవాడు అంటున్నాను గానీ ఇద్దరు ఆడపిల్లల తండ్రి. రాడ్లు కట్టే పని. వరసకు కొడుకవుతాడు, నన్ను కాకా అనేవాడు. కంపెనీ జీతాలు తగ్గించాక ప్రైవేటు బడి ఫీజు కట్టలేక ఇద్దరు పిల్లల్నీ మాన్పించి ఊళ్ళోని సర్కారు బడిలో వేశాడు. వాడొక్కడే కాదు, క్యాంపులో సగంమంది అదే చేశారు. అప్పటికి బడులు మూతపడే ఉన్నాయి, పిల్లలు ఫోన్లలో పాఠాలు వింటున్నారు. ఇక తెరుస్తారని కబురొచ్చింది. దానితోపాటే ఇంకో కబురు. ఊరి బడిలో మూడు గదులుంటే రెండింటి పైకప్పు కూలిపోయేలా ఉంది. మరుగుదొడ్డికి నీళ్ళు లేవు. దసరా లోపల బాగుచేస్తే సరి, లేకపోతే పిల్లలందరినీ పెద్దరోడ్డు అవతలి ఊరి బడికి పంపిస్తామని మండలం నుంచి వచ్చిన అధికారి చెప్పిపోయాడు.

"మా ఆమె పంపియ్యనంటున్నది కాకా," అన్నాడు మావాడు ఒక పొద్దున, బూట్లు తొడుక్కుంటూ. "లారీల రోడ్డు దాటి పోరగాండ్లు పోతరా అంటున్నది. ఇంట్ల కూసోని బీడీలు చేస్తరట."

"ఊకె బెదిరిస్తున్నదేమోరా."

"పెద్దదానికి చిన్న చేట కొన్నది కాకా."

మాది చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఊరు. ఆడపిల్ల ఒళ్ళోకి ఒకసారి చేట వచ్చిందంటే మళ్ళీ పలక రాదు. ఆ మాట మా ఇద్దరికీ తెలుసు. బస్సు హారన్ కొడితే వెళ్ళిపోయాం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. చెప్పకుండా దాటేయవచ్చు, అప్పటి ఊరి వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళంతా బతికే ఉన్నారు కాబట్టి కుదరదు.

మా పంచాయతీకి కొత్తగా పరీక్ష రాసి వచ్చిన కార్యదర్శి ఉండేది, ఇరవై అయిదేళ్ళ అమ్మాయి. బడి బాగుచేయడానికి పంచాయతీలో డబ్బు లేదని, ఊళ్ళో ఇళ్ళన్నీ కొత్తగా కొలిచి ఇంటి పన్ను సరిచేస్తే తప్ప దారి లేదని ఊరి గ్రూపులో రాసింది. దుబాయ్‌లో ఉన్న మేం భగ్గుమన్నాం. అందరికంటే ముందు భగ్గుమన్నది నేను. సైటు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చుని ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపాను.

"మేం ఊళ్ళె ఉండం. మీ రోడ్డు తొక్కం, మీ నల్లా నీళ్ళు తాగం. గుడి కమాను మేమే కట్టిచ్చినం. సర్కారు బడికి సర్కారు పెట్టుకోవాలె గని మా ఇండ్ల మీద పడుడేంది? ఒక్క పైస పెంచినా కట్టం. ఖలాస్."

చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నేను మీసం దువ్వుకున్నాను. పై మంచం మీద మావాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొలతలు గుర్తుపెట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు గానీ, ఆ పొద్దున వాడు చెప్పిన చేట మాటకూ నేను అరిచిన పన్ను మాటకూ ఉన్న లంకె నాకు తట్టలేదు. చూడండి, తెలివి ఎంత గుడ్డిదో.

కార్యదర్శి గ్రూపులో జవాబివ్వలేదు. విడిగా నాకొక్కడికే ఒక ముక్క పంపింది. "తాతా, మీ ఇంటి పన్ను పుస్తకంల ఏమున్నదో ఎప్పుడన్న చూసిన్రా?"

"చూపియ్యి," అన్నాను. నాకు భయమేముంది? ఆమె పుస్తకంలో ఆ పేజీ ఫొటో తీసి పంపింది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు. దాని పక్కన ఇంటి రకం అనే గడిలో ఇలా ఉంది: గొడ్ల కొట్టం, గడ్డి కప్పు.

నా ఇల్లు! ముప్పై ఆరు అడుగులు, నలభై రెండు అడుగులు, పైన ఇంకో అంతస్తు, ముందు పోర్టికో. ఆ స్లాబ్‌కు ఎన్ని జాకీలు పట్టాయో ఇప్పటికీ చెప్పగలను. అది గొడ్ల కొట్టమా? కోపంతో ఫోన్ మంచం మీద పడేశాను. పడేసిన తర్వాత గుర్తొచ్చింది.

ఇల్లు కట్టిన ఏడు సెలవు పెట్టి ఛుట్టీకి వెళ్ళినప్పుడు పంచాయతీ కారోబార్, అంటే పన్ను పుస్తకం రాసే గుమాస్తా, ఇంటికి వచ్చాడు. ఆ జాగాలో అంతకు ముందు మా కొట్టం ఉండేది. "కొట్టం కొట్టంలెక్కనే ఉండనీ తియ్యి, నీకెందుకు లొల్లి," అన్నాడు. నేను నవ్వి, సూట్‌కేసులోంచి ఒక సెంటు సీసా తీసిచ్చాను. ఆ పద్ధతి నేనొక్కణ్ణే పాటించలేదు. దుబాయ్ నుంచి వచ్చినవాడు కొత్త ఇల్లు కట్టగానే కారోబార్‌కు సెంటు సీసా ఇవ్వడం మా ఊరి ఆనవాయితీ. కొందరు దుప్పటి కూడా ఇచ్చారు. మనిషి పోయాడు పాపం, ఆయన ఇంట్లో ఇంకా ఆ వాసనే వస్తుందని అంటారు. ఆయన పోయాక కూడా పుస్తకం అలాగే ఉంది. మా మేడలన్నీ అందులో ఇంకా కొట్టాలూ, పెంకుటిళ్ళూ, గుడిసెలే. ఇరవై ఏళ్ళకు పైగా బడికి రావలసింది మేం సెంటు సీసాలతో ఆపాం. పైగా సర్కారును తిట్టాం.

మావాణ్ణి కిందికి దిగమన్నాను. ఫొటో చూపించాను. వాడు నవ్వలేదు.

"మొన్న నువ్వు మాట్లాడింది మా ఆమె ఇన్నది కాకా."

"ఏమన్నది?"

"మీ కాకకు నోరున్నది గని చెవులు లేవన్నది."

నేను నా జీవితంలో చాలామంది ముదీర్ల దగ్గర, అంటే మేనేజర్ల దగ్గర, చివాట్లు తిన్నాను. వాటిలో ఒక్కటీ అంత సూటిగా తగల్లేదు.

కార్యదర్శికి ఫోన్ చేసి దుబాయ్ ఇళ్ళ పేజీలన్నీ పంపమన్నాను. "ఒకరి పేజీ ఇంకొకరికి చాటుగ పంప తాతా. గ్రామసభల అందరి ముందట సదువుత, వచ్చి వినుండ్రి," అంది. దుబాయ్ నుంచి ఎలా వస్తామంటే, "ఫోన్‌ల రాండ్రి. మీకు సెలవు ఎప్పుడుంటే అప్పుడే పెడ్త," అంది. అప్పట్లో మా సెలవు శుక్రవారం. గల్ఫ్ వాళ్ళ సెలవు చూసి గ్రామసభ పెట్టడం మా మండలంలో అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. ఆ అమ్మాయికి ఈ సందర్భంగా సలాం చేస్తున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, నమాజులూ భోజనాలూ అయ్యాక, మెస్‌లో టీవీకి ఫోన్ కలిపాం. మెస్ వంటమనిషి కడప సాయిబు. మూతి గుడ్డ కిందికి లాగి నాతో అన్నాడు, "పెద్దాయనా, మీరూ మీరూ ఎంతైనా కొట్లాడుకోండి. నా బెంచీలు మాత్రం ఇరగ్గొట్టొద్దండి." కరోనా కాలం కాబట్టి లోపల బెంచీకి ఇద్దరే కూర్చోవాలని క్యాంప్ బాస్ ఆర్డరు. మిగిలినవాళ్ళు కిటికీల బయట ఎండలో నిలబడ్డారు.

తెర మీద మా పంచాయతీ ఆఫీసు వరండా కనిపించింది. ముందు వరసలో ఆడవాళ్ళు. బల్ల దగ్గర సర్పంచమ్మ, ఆమె పక్కన మాట్లాడడానికి ఆమె భర్త, చివర్లో లావుపాటి పుస్తకంతో కార్యదర్శి. మా వైపు పన్ను వద్దనేవాళ్ళకు నాయకుడు నాకు వరసకు బామ్మర్ది. పికప్ బండి నడుపుతాడు, ఇంటర్నేషనల్ సిటీలో ఉంటాడు, కళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుంటాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద ఇల్లు వాడిది. గేటు మీద రెండు సింహాలుంటాయి. వాడు లేచాడు.

"నా పిలగాండ్లు టౌనుల చదువుతున్రు. ఇంటి ముందటికి బస్సస్తది. ఊరి బడితోని నాకేం పని? బావ కూడ మొన్న గదే అన్నడు. గ్రూపుల ఉన్నది, తీసి ఇనుండ్రి."

కిటికీల బయటి నుంచి ఈలలు వినబడ్డాయి. ఇంకొకడు, "కమానుకు ఇచ్చినం, మల్ల మల్ల ఇయ్యాల్నా?" అన్నాడు.

నేను లేచాను. రాత్రంతా ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. చదువు గొప్పతనం, ఆడపిల్లల భవిష్యత్తు. ఆ ముఖాలు చూడగానే అది పనిచేయదని అర్థమైంది. మెస్‌లో కూర్చున్నవాడికి భవిష్యత్తు గురించి చెబితే వాడు తన కష్టాలు చెబుతాడు. ప్రసంగం మింగేశాను.

"కమాను మీద మన పేర్లు చెక్కిన్రు కాబట్టి ఇచ్చినం. మరుగుదొడ్డి మీద ఎవడూ పేరు చెక్కడు, అందుకే ఇస్తలేం," అన్నాను. "అది పక్కన పెట్టుండ్రి. మొన్న నేను అన్నది తప్పు. అమ్మా కార్యదర్శీ, ముందుగాల నా ఇల్లు చదువు."

ఆమె చదివింది. గొడ్ల కొట్టం, గడ్డి కప్పు.

మెస్‌లో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు పేలింది. బామ్మర్ది బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. "ఇన్నేండ్ల సంది కొట్టంల కాపురం చేస్తున్నవా బావా? మా అక్క గడ్డి ఏస్తున్నదా?"

"ఏస్తున్నది. ఇప్పుడు నీది చదువమను."

వాడి నవ్వు సగంలో ఆగింది. కార్యదర్శి పేజీ తిప్పింది. "పెంకుటిల్లు. ఒక్కటే అర్ర. వాకిలి మట్టిది."

ఈసారి నవ్వింది మేం కాదు, అక్కడ వరండాలో ఆడవాళ్ళు. ఆ నవ్వుల మధ్యలోంచి వాడి భార్య లేచి నిలబడింది. కార్యదర్శి దగ్గరికి వచ్చి పుస్తకంలోకి తొంగి చూసింది. ఫోన్ వైపు తిరిగింది. నేరుగా మొగుడితో మాట్లాడింది, మధ్యలో సముద్రం ఉన్నట్టే అనిపించలేదు.

"ఒక్క అర్రనా? పొద్దుగాల లేసి రెండంతస్తులు ఊడ్చి తుడుస్తున్న నేను. ఎన్ని అర్రలున్నయో నా నడుముకు తెలుసు. నువ్వు మూడేండ్లకోపారి వచ్చి పండుకోని పోతవు, నీకేం ఎరుక? రాయమ్మా, రెండంతస్తులు రాయి. సింహాలు గూడ రాయి."

"సింహాలకు పన్ను లేదమ్మా," అంది కార్యదర్శి.

"లేకున్న రాయి."

బామ్మర్ది నెత్తి మీది కళ్ళద్దాలు కళ్ళకు పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి సభ నా చేతిలో లేదు. ఒక్కో పేజీ చదువుతుంటే ఒక్కో ఆడమనిషి లేవడం, దుబాయ్‌లో ఒక్కో మగవాడు తల దించుకోవడం. పది ఇళ్ళు అయ్యేసరికి తల దించుకునే దశ దాటిపోయింది. ఇక పోటీ మొదలైంది. పక్కింటివాడు రెండంతస్తులని రాయించుకుంటే తనది గుడిసెగా ఎవడు మిగలనిస్తాడు? కిటికీల బయటి నుంచి అరవసాగారు. నాది ముప్పై రాయి, నాది నలభై రాయి అని. చివరికి నేను పన్ను పెంచమని కాదు, తగ్గించమని కొట్లాడవలసి వచ్చింది.

"ఒరే, నీ పోర్టికో పన్నెండడుగులే. పద్దెనిమిది ఎక్కడిది? ఆ స్లాబ్ లెక్క కట్టింది నేనురా."

"తర్వాత పెంచిన కాకా."

"ఎప్పుడు పెంచినవ్? నన్ను అడగకుండ స్లాబ్ పోసినవా?"

"...పెంచుదామనుకున్న."

"అనుకున్నదానికి పన్ను ఉండదు. పన్నెండు రాయమ్మా."

కొలతలన్నీ నేను చెప్పడం, ఆమె రాసుకోవడం. ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ టేపు పెట్టి చూస్తానంది, చూసుకోమన్నాను. తర్వాత చూసింది కూడా. ఒక్కటంటే ఒక్కటి తేడా రాలేదని చెప్పింది. ఇది గొప్ప కోసం రాస్తున్నానని మీరనుకుంటే అనుకోండి.

కానీ అసలు ప్రమాదం చివర్లో వచ్చింది. సర్పంచమ్మ భర్త తీర్మానం చదివాడు. పెరిగిన పన్నును "గ్రామాభివృద్ధికి" వాడాలని రాసి ఉంది. అందరూ చేతులు ఎత్తబోతున్నారు. అప్పటిదాకా నోరు విప్పని మావాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి, మూలన లేచి నిలబడ్డాడు.

"అండ్ల బడి అని లేదు."

"గ్రామాభివృద్ధి అంటే అండ్లనే అస్తది తమ్మీ," అన్నాడు సర్పంచమ్మ భర్త.

"అస్తే రాయుండ్రి. రెండు అర్రలకు స్లాబు, దొడ్లకు నీళ్ళు. ముందు గివి, తర్వాత ఏదన్న. రాసి చదువుండ్రి."

"అన్నీ కాయిదం మీదనే ఉండాల్నా?"

"ఇన్నేండ్లు నోటిమాటతోని ఏమైందో ఇప్పటిదాక చదివిన్రు గదన్నా," అన్నాడు మావాడు.

ఆ ఒక్క వాక్యానికి నా ముప్పై ఏళ్ళ నోరు సరిపోదు. సర్పంచమ్మ అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. భర్త చేతిలోంచి కాగితం తీసుకుని కార్యదర్శి ముందు పెట్టి, "పిలగాడు చెప్పినట్టు రాయి," అంది. రాశారు. రెండుసార్లు చదివించాం. వరండాలో చేతులు లేచాయి, మెస్‌లో లేచాయి, కిటికీల బయట లేచాయి. మా చేతులు లెక్కలోకి రావని కార్యదర్శి తర్వాత చెప్పింది. ఊళ్ళో ఆడవాళ్ళ చేతులే సరిపోయాయట. బామ్మర్ది చెయ్యి కూడా లేచింది. "బావా, యల్లా, అయిపోయిందా? బండి గేటు ముందట అడ్డం పెట్టిన, ఫైన్ పడ్తది," అంటూ లేపాడు, అది వేరే సంగతి.

పన్ను ఒకేసారి కట్టేశారు మావాళ్ళు. ఎందుకంటే కట్టినవాళ్ళ పేర్లు కార్యదర్శి గ్రూపులో పెట్టసాగింది. ఆ అమ్మాయి చిన్నది గానీ మమ్మల్ని బాగా చదివింది.

స్లాబ్ పోసిన రోజు నేను దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక గోదాము పని మీద ఉన్నాను. అన్నం గంటలో ఫోన్‌లో చూస్తూ ఊరి మేస్త్రీని తిట్టాను. కింద రెండు జాకీలు వంకరగా ఉన్నాయి, తీయించి మళ్ళీ పెట్టించాను. మా ఇంజనీరు వచ్చి ఎవరిని అరుస్తున్నావని అడిగితే, ఇండియాలో స్లాబ్ పడుతోంది సార్ అన్నాను. ఆయన కూడా తల పెట్టి చూశాడు. రాడ్ బాగా కట్టారు అన్నాడు. కట్టింది ఛుట్టీ మీద ఊళ్ళో ఉన్న మావాళ్ళే, బాగుండక ఏం చేస్తుంది?

దసరాకు నాలుగు రోజుల ముందు అధికారి వచ్చి చూశాడు. గదుల్లోకి వెళ్ళాడు, నల్లా తిప్పాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. బడి ఊళ్ళోనే ఉంటుంది. కబురు నాకే ముందు వచ్చింది. అప్పటికి మా పని ఇంకో సైటుకు మారింది, మావాడు పదో అంతస్తులో రాడ్లు కడుతున్నాడు. మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. వాడు చేతిలో వైరు ముడి పూర్తి చేశాడు. తల ఊపాడు. ఇంకో ముడి వేశాడు. డ్యూటీ అయ్యేదాకా కడుతూనే ఉన్నాడు. విన్నాడో లేదో అని నాకే అనుమానం వచ్చింది.

సాయంత్రం బస్సులో కూర్చున్నాక మొదలైంది. ముందు వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని పక్కకు జరిగాను. కాదు, నవ్వుతున్నాడు. మూతి గుడ్డ జారి గడ్డం కిందికి వచ్చింది, కళ్ళవెంట నీళ్ళు, ఊపిరాడనంత నవ్వు. మా ఊరివాళ్ళకు అర్థమై వాళ్ళూ అందుకున్నారు. ఏమీ తెలియని బెంగాలీలు, నేపాలీలు ఆ నవ్వు చూసి నవ్వసాగారు. ముందు నుంచి పఠాన్ డ్రైవర్ అద్దంలో చూసి, "క్యా హువా భాయ్, లాటరీ లగా?" అని అడిగాడు.

మావాడు కళ్ళు తుడుచుకుని, "స్కూల్ మిల్ గయా," అన్నాడు, బడి దొరికిందని.

పఠాన్‌కు ఏం అర్థమైందో తెలియదు. దుబాయ్‌లో అనవసరంగా హారన్ కొట్టడం నేరం. అయినా సోనాపూర్ రౌండబౌట్ చుట్టూ తిరిగినంతసేపూ కొడుతూనే ఉన్నాడు.